మునిరత్నం గారి లాగిన్

2004లో మామిడి సీజను మొదలయ్యే ముందు, మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను తిరుపతి ఆఫీసు నుంచి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పంపింది. అప్పటికి నేను ప్రాజెక్ట్ లీడర్ని. కాయల కొనుగోలు మొదలు గుజ్జు డ్రమ్ములు లారీ ఎక్కేదాకా పనంతా బ్రౌజరులోనే జరిగేలా ఒక అప్లికేషన్ తయారుచేసి, సీజను అయిపోయేదాకా అక్కడే ఉండి చూసుకోవాలి. మేం వాడిన ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి తెరకూ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు ఉండేది. ఆ తెర మీద ఏ గడులుండాలి, ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, వాడకపోతే ఎంతసేపటికి మూసుకోవాలి అన్నీ అందులోనే రాసేవాళ్లం. ఆ ఫైలు మారిస్తే చాలు, లోపలి ప్రోగ్రామును ముట్టుకోకుండానే తెర తీరు మారిపోయేది.

విదేశీ కొనుగోలుదారులు భద్రత విషయంలో గట్టి షరతులు పెట్టారు. ఎవరి లాగిన్ వాళ్లే వాడాలి. తెరను కాసేపు వదిలేస్తే దానంతటదే మూసుకోవాలి. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్తే ఉద్యోగం పోతుందని ఫ్యాక్టరీ మేనేజరు నోటీసుబోర్డులో కూడా పెట్టించారు.

సీజను మంచి ఊపులో ఉండగా ఒక రోజు గేటు దగ్గర వాచ్‌మన్ లారీని ఆపేశాడు. సరుకు బయటికి పంపే డిస్పాచ్ స్లిప్పు మీద, దాన్ని తీసిన గుమాస్తా పేరు 'మునిరత్నం' అని అచ్చయివుంది. ఆ పొద్దు ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లారని వాచ్‌మన్‌కు తెలుసు. విచారిస్తే, ఆయన లాగిన్‌తో స్లిప్పు తీసింది పక్క సీటు ధనలక్ష్మి అని తేలింది. అడగ్గానే ఒప్పుకుంది. స్లిప్పు తీసే వీలు ఆయన లాగిన్‌కు మాత్రమే ఉండేది. రూలు ప్రకారం ఇద్దర్నీ తీసేయాల్సిందేనని మేనేజరు పట్టుబట్టి, నన్ను రిపోర్టు రాసివ్వమన్నారు.

రాసే ముందు, మర్నాడు డిస్పాచ్ గదికి వెళ్లాను. మునిరత్నం గారికి యాభై దాటాయి. ముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. సగం గడులు నిండాక తెర మూసుకుపోయింది.

"సూడప్పా, మల్లీ మొదుట్నించీ కొట్టల్ల," అన్నారు. "నేను ఈడ్నే కూర్చోని పన్జేస్తానే ఉండాను కదా, దానికి కనపడదా?"

నిజంగానే కనపడదు. ఆ రోజుల్లో అప్లికేషన్లు అట్లాగే ఉండేవి. ఆఖరున బటన్ నొక్కేదాకా సర్వరుకు ఏ కబురూ అందదు. దాని దృష్టిలో ఆయన సీట్లో లేనట్టే.

ధనలక్ష్మి నా వెనకాలే వచ్చి నిలబడింది. "పాస్‌వర్డు నేనే అడిగినాను సార్. అన్న ఇయ్యనన్నాడు. లారీలోళ్లు అరస్తా ఉంటే అన్న తల దించుకోని కూర్చునేది సూల్లేక, నేనే బలవంతంగా తీసుకున్నాను. నాకు ఈ పని నేర్పించింది అన్నే. తీసేస్తే నన్ను తీసేయమనండి."

"నా లాగినుకు నాదే పూచీ," అన్నారు మునిరత్నం గారు. "ఆయమ్మను ఏమనొద్దండప్పా."

రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాశాను. దానితోపాటు తెరలో చేయాల్సిన మార్పులు కూడా రాసి మేనేజరుకు చూపించాను.

"ఒక మనిషి కోసం ఇదంతా మారుస్తారా?" అన్నారాయన.

ఆయన్ను ఆ తెర ముందు కూర్చోబెట్టి, ఎడమచేతి చూపుడువేలు ఒక్కదానితోనే స్లిప్పు నింపమన్నాను. నవ్వుతూ మొదలుపెట్టారు. రెండో వరుసకొచ్చేసరికి నవ్వు పోయింది. ఇంకా గడులు మిగిలివుండగానే తెర మూసుకుపోయింది. కీబోర్డును పక్కకు జరిపారు. ఆ తర్వాత, "మార్చేదానికి ఎంత టైము పడతాది?" అని మాత్రం అడిగారు.

ఆ తెర ఫైలు మార్చాం. ఒక్కో గడి నిండగానే సర్వరుకు చేరి భద్రమయ్యేలా చేశాం. దాంతో మనిషి సీట్లో ఉన్నాడో లేడో సర్వరుకు తెలిసింది. గుజ్జు బ్యాచి నంబరు కొట్టే పని లేకుండా పట్టీలోంచి ఎంచుకునేలా పెట్టాం. ఇంకో ఏర్పాటు కూడా చేశాం. ధనలక్ష్మి తన సొంత లాగిన్‌తోనే స్లిప్పు నింపొచ్చు, కానీ మునిరత్నం గారు చూసి ఆమోదించాకే అది చెల్లుతుంది. ఆయన సెలవులో ఉంటే ఆ ఆమోదం మేనేజరుది. స్లిప్పు మీద ఇద్దరి పేర్లూ వస్తాయి. ఉద్యోగాలు నిలిచాయి, చెరో హెచ్చరిక కాగితంతో సరిపోయింది.

కొత్త తెర వచ్చిన రోజు మునిరత్నం గారు ఎవర్నీ సాయానికి రానీలేదు. గడి తర్వాత గడి నింపుకుంటూ పోయారు. ధనలక్ష్మి పక్క సీట్లో తల వంచుకొని ఏవో కాగితాలు సర్దుతూ ఉంది. ప్రింటరులోంచి స్లిప్పు బయటికొచ్చింది.

"ధనమ్మా, సూడు, మూసుకోలా."

"నేను సూస్తా లేదన్నా, నీ పని నువ్వు చేసుకో," అంది ఆమె తల ఎత్తకుండానే.

మునిరత్నం గారు రిటైరయ్యేదాకా ఆ సీట్లోనే పనిచేశారు. అప్పట్నుంచీ నేను ఏ ప్రాజెక్టులోనైనా తెర ఎంతసేపటికి మూసుకోవాలో గడువు పెట్టే ముందు, ఆ తెర మీద అందరికన్నా నిదానంగా పనిచేసే మనిషి పక్కన కూర్చొని చూసేవాణ్ణి. పాస్‌వర్డులు చేతులు మారుతున్నాయని ఫిర్యాదు వస్తే, దొంగ కోసం వెతికే ముందు ఆ తెరతో ఎవరు అవస్థ పడుతున్నారో వెతికేవాణ్ణి. చాలాసార్లు కారణం అక్కడే దొరికింది.