హాలు గోడకున్న మేకు

నిన్న సాయంత్రం ఫిల్మ్‌నగర్ నుంచి నడిచి వస్తుంటే ఒక ఇంటి గేటు దగ్గర గోడలకు వేసిన తడి డిస్టెంపర్ వాసన, బంతిపూల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గేటు ముందు జనరేటర్ వ్యాను, లోపల లైట్లు. షూటింగు. మా వైపు ఇది రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ ఆగి చూడరు. నేను మాత్రం ఆగాను. ఆ రెండు వాసనలు కలిసి వస్తే నాకు హైమక్క గుర్తొస్తుంది. హైమక్క అంటే, మేము అద్దెకున్న ఇంటివారి ఒక్కగానొక్క కూతురు హైమవతి. ఊళ్లు తిరిగి, చూసినవన్నీ ఒక వారపత్రికలో రాసేది. నాకు ఇవాళ నాలుగు వాక్యాలు సరిగా రాయడం వచ్చిందంటే ఆమె వల్లనే. అయితే ఆమె మీద నాకు మొదట కలిగింది గౌరవం కాదు, అసూయ. అది తరవాత కూడా పూర్తిగా పోలేదు.

సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు వదిలి వస్తున్న రోజుల్లో మేమూ వచ్చాం. నాన్న ఎడిటింగ్ గదిలో అసిస్టెంటు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు తీసుకునే స్థోమత మాకు లేదు కానీ, నరసింహంగారు తన ఇంటి వెనక ఉన్న ఔట్‌హౌస్ మాకిచ్చారు. ఆయన రిటైరైన ఇంజనీరు. ఇక్కడంతా బండలే ఉన్న కాలంలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో రిక్షావాళ్లు ఈ గుట్ట పేరు చెబితే దండం పెట్టి వెళ్లిపోయేవారట. మేము వచ్చేసరికి బండలు పేల్చే మోతలు, కొత్త గోడలు, ముందు హాలులో షూటింగులు. ఆయన ఇల్లు షూటింగులకు ఇచ్చేవారు. మనుషులు వచ్చిపోతుంటే ఆయనకు కాలక్షేపం. ఒక్కో సినిమాకు హాలు ఒక్కో రంగులోకి మారేది. ఆయన భార్యకు చూపు ఆనేది కాదు. నేను ఆమెను మామ్మగారూ అని, ఆయనను తాతగారూ అని పిలిచేదాన్ని.

"ఇప్పుడు ఏ రంగులో ఉన్నామే, పద్మా?" అనేవారు మామ్మగారు.

"లేత గులాబి, మామ్మగారూ."

"ఖర్మ. పెళ్లివారి విడిదిల్లులా."

మొదట బడి నుంచి, తరవాత కాలేజీ నుంచి రాగానే నేను వెనక వరండాలోకి వెళ్లి, పేము కుర్చీలో కూర్చుని, హైమక్క వ్యాసాలు పైకి చదివేదాన్ని. నలుగురిలో నోరు పెగలని నాకు, ఆ చూపు ఆనని ముసలావిడ ముందు గొంతు వచ్చేది. పర్వతాల కింద బస్సు చెడిపోయిన రాత్రి, పడవ మీద వండుకున్న అన్నం, ఎవరో తెలియని ముసలామె తన తలకు నూనె రాయడం. చదువుతూ చదువుతూ నాకు ఒళ్లు మండేది. ఇలాంటి వాక్యం నాకెందుకు రాదు? నేను రోజూ డైరీ రాస్తాను, అందులో వానలన్నీ ఒకేలా కురుస్తాయి. కానీ కుర్చీ నాది. మామ్మగారు కళ్లు మూసుకుని, "అది ఎక్కడెక్కడో తిరుగుతుంది, నాకు మాత్రం నీ గొంతే వినపడుతుందే" అన్నప్పుడు నేను గెలిచినట్టు ఉండేది. హైమక్క లోకమంతా చూసుకోనీ, ఈ వరండా నాకు చాలు అనుకునేదాన్ని.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, మేము ఆ ఇంట్లో దిగాక మొదటిసారి, ఆమె వచ్చింది. ఆ రోజు హాలులో షూటింగు. హీరో చనిపోయిన తండ్రి ఫొటో కావాలి. తెస్తానన్నవాడు తేలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ చుట్టూ చూసి తాతగారి ముఖం దగ్గర ఆగాడు. తాతగారు సంతోషంగా ఒప్పుకున్నారు. "బతికుండగా ఈ వైభోగం ఎవరికి దక్కుతుందయ్యా? దండ కాస్త పెద్దది వెయ్యండి" అన్నారు. మామ్మగారు మాత్రం రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆయన ఫొటో పరుగుల మీద పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, అప్పుడే రంగు వేసిన గోడకు పొడవాటి మేకు కొట్టి తగిలించారు. బంతిపూల దండ వేశారు. కింద దీపం.

భోజనాల వేళ యూనిట్ అంతా పెరట్లో ఉంది. నేను హాలులో ఒక మూల నిలబడి ఆ అలంకారమంతా చూస్తున్నాను. వీధి తలుపులోంచి భుజాన సంచితో ఒకావిడ వచ్చింది. ఎండకు కమిలిన ముఖం, దుమ్ము పట్టిన చెప్పులు. పత్రికలో వేసే చిన్న బొమ్మలోని ముఖమే. ఆమె గోడ వైపు చూసింది. సంచి భుజం మీంచి జారింది. నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయి, నా వైపు తిరిగి, ఎంతో మామూలు గొంతుతో అడిగింది.

"ఎప్పుడు?"

కాదు, ఇది సినిమా కోసం, తాతగారు పెరట్లో ఉన్నారు, అన్న మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎదుట కొత్తవాళ్లుంటే నాకు ఎప్పుడూ అంతే.

"నాకెవరూ చెప్పలేదు" అంది ఆమె.

ఇంతలో వాచ్‌మన్ యాదయ్య పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఫికర్ చెయ్యకుండ్రమ్మా! సారుకు ఏం కాలే. గిది సిన్మ ఫొటో. ఆయన గాడ మజ్జిగ తాగుతుండు!"

ఆ వెనకే తాతగారు గ్లాసుతో వచ్చారు. పై పెదవి మీద మజ్జిగ నురగ. "ఎప్పుడొచ్చావమ్మా? ఎలా ఉన్నాను, ఫొటోలో?" అన్నారు.

హైమక్క పకపకా నవ్వింది. నవ్వు ఆగాక ఏడ్చింది. అది చూసిన ప్రొడక్షన్ మేనేజర్, "మా హీరోయిన్‌కి ఇందులో సగం వచ్చినా టేకులు మిగిలేవండీ" అన్నాడు. పెరట్లోంచి మామ్మగారి గొంతు వినపడింది. "చెప్పాపెట్టకుండా వస్తే ఇలాగే ఉంటుంది. ముందు దానికి అన్నం పెట్టండి."

ఆమె మళ్లీ వెళ్లలేదు. అయితే ఆ ఇంట్లోనూ ఉండలేదు. కాస్త కిందగా, ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద గది తీసుకుంది. "ఇంత ఇల్లుండగా అద్దె గదేంటే?" అని మామ్మగారు సాధించారు. "ఆ గోడ కింద నాకు నిద్ర పట్టదమ్మా." "ఫొటో తీసేశారుగా!" "మేకు ఉందిగా" అంది హైమక్క.

రోజూ సాయంత్రం వచ్చేది. వచ్చి ఎక్కడ కూర్చునేదంటే, పేము కుర్చీలో. తన వ్యాసాలు తనే చదివేది. ఒకటి రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి విని, తరవాత నేను వెళ్లడం మానేశాను. మా కిటికీలోంచి ఆ కుర్చీ వీపు కనపడేది. అమ్మ అడిగితే పరీక్షలున్నాయని చెప్పాను.

అది చాలదన్నట్టు, ఆమె మా వీధుల గురించి రాయడం మొదలుపెట్టింది. దూరం వెళ్లడం లేదు కదా, అందుకని. తాను చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న బండ ఇప్పుడు ఎవరి ఇంటి పునాది కింద ఉందో వెతికింది. కృష్ణానగర్‌లో తెల్లవారుతుండగా జూనియర్ ఆర్టిస్టులు వ్యాను కోసం నిలబడి, ఒకే అద్దం చేతులు మార్చుకుంటూ బొట్టు సర్దుకోవడం రాసింది. ఆ అద్దం నేనూ చూశాను! కాలేజీ బస్సులోంచి ఎన్నోసార్లు చూశాను. నా డైరీలో అది లేదు. పర్వతాల గురించి రాసినప్పుడు నాకంత బాధ లేదు, అవి ఆమెవి. కుర్చీ తీసుకుంది, ఇప్పుడు వీధి కూడా తీసుకుంది. ఆ పత్రికను మడిచి బియ్యం డబ్బా వెనక పడేశాను. మర్నాడు మళ్లీ తీసి చదివాను.

ఒక రోజు నేను బట్టలు ఆరేస్తుంటే హైమక్క దండెం దగ్గరికి వచ్చింది.

"పద్మా, రేపటి నుంచి నువ్వొచ్చి చదువు. నా చదువు మా అమ్మకి నచ్చడం లేదు."

నేను బకెట్లోంచి ఇంకో తడి చీర తీశాను.

"ప్రతి పేరాకీ ఆపుతుంది. 'ఇక్కడ పద్మ కాస్త ఆగేది', 'ఆ ముక్క పద్మ మెల్లగా చెప్పేది'. భయపడింది నేను తల్లీ, ఆ బస్సులో! నా భయం నాకే నేర్పుతోంది మా అమ్మ." తడి చీర రెండో అంచు అందుకుని దండెం మీద సర్దుతూ అంది. "ఇన్నేళ్ల సాయంత్రాలన్నీ నీ దగ్గరున్నాయి. నిన్ను చూస్తే నాకెంత కుళ్లుగా ఉంటుందో తెలుసా?"

"నాక్కూడా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట.

ఆమె చీర మీంచి నన్ను తేరిపార చూసి నవ్వింది. "హమ్మయ్య. నీకు మాటలొచ్చన్నమాట."

అప్పటి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. వ్యాసం పత్రికకు పంపకముందు నాకిచ్చేది. నేను కుర్చీలో కూర్చుని మామ్మగారికి చదివేదాన్ని. హైమక్క మా ఇద్దరికీ వీపు తిప్పి మెట్ల మీద కూర్చుని వినేది. నా నాలుక తడబడిన చోట వేలు ఎత్తేది. తరవాత ఆ వాక్యాన్ని కొట్టేసేది. ఎంత అందమైనదైనా సరే. "బాగుంది కదా, ఎందుకు తీసేస్తావు?" అంటే, "బాగుందని నేను అనుకుంటున్నాను. నీ నోరు అనుకోవడం లేదు" అనేది. ఈ రోజు వరకూ నేను రాసింది పైకి చదవకుండా ఎవరికీ చూపలేదు. మెట్ల మీద ఎవరూ లేకపోయినా ఆమె వేలు లేస్తుంది.

తాతగారు కిందటి ఏడు వర్షాకాలంలో పోయారు. నిజంగానే. పెద్ద ఫొటో కోసం వెతికితే, సినిమావాళ్లు వదిలేసి వెళ్లిన ఆ ఫ్రేమే అటక మీద దొరికింది. గోడకు ఎన్ని రంగులు మారినా మేకు అలాగే ఉంది. హైమక్క ఫ్రేము పట్టుకుని గోడ ముందు నిలబడింది, చేతులు లేవలేదు. "నువ్వు పెట్టు పద్మా" అంది. పెట్టాను. దండ వేశాను. దీపం పెట్టాను. ఏ మూల ఏది ఉండాలో ఒకసారి చూసినదాన్ని, నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఎవరో లొకేషన్లు చూసే కుర్రాడు తెరిచి ఉన్న గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఫొటో, దండ, దీపం, చాప మీద ఆడవాళ్లు. అతనికి అది రోజూ కనపడే దృశ్యమే. "ఏ సినిమా అండీ?" అన్నాడు.

హైమక్క తలెత్తింది. చాలా ఏళ్ల కిందట నా వైపు తిరిగిన ముఖమే.

"సినిమా కాదు. తాతగారు పోయారు" అన్నాను. నా గొంతు హాలంతా వినపడింది. అతను చెప్పులు విడిచి, చేతులు జోడించి, వెళ్లిపోయాడు.

తరవాత హైమక్క మామ్మగారి ఒడిలో తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది. వచ్చినవాళ్లందరూ ఆమెనే ఓదార్చారు. నేను గోడ వారగా నిలబడి గ్లాసులు అందించాను. అద్దెకున్నవాళ్ల అమ్మాయి అంత గట్టిగా ఏడవకూడదు. ఆ రోజు కూడా నాకు ఆమె మీద అసూయే కలిగింది. ఆమెకది తెలిసిందో ఏమో, చాప మీద పక్కకు జరిగి, "నిలబడ్డావేంటి? ఇలా వచ్చి కూర్చో" అంది.

కూర్చున్నాను.

నిన్న ఆ గేటు దగ్గర ఆగి లోపలికి చూశాను. గోడ మీద ఎవరో పెద్దాయన ఫొటో, దానికి బంతిపూల దండ. లైట్లవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్ల వెనక, పెరటి గుమ్మం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను, మజ్జిగ గ్లాసుతో ఎవరైనా బయటికి వస్తారేమోనని.