చెరువులో దొరికిన అమ్మవారు

తొలకరి చినుకులకు మ్యూజియం ఆవరణలోని నల్లరాతి విగ్రహాలు తడిస్తే ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం ఆ వాసన తగలగానే అన్నపూర్ణగారు గుర్తొచ్చారు. రాజమండ్రిలో నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడే నా పై అధికారి. విగ్రహాల పక్కన పెట్టే వివరాల పలకల గురించి "తప్పు రాసిన పలక కంటే ఖాళీ పలక నయమమ్మా" అనేవారు. విగ్రహాన్ని ముట్టుకుంటే ఎంత పెద్దవాళ్లనైనా గదమాయించేవారు. అలాంటి మనిషి ఒకరోజు చేసిన పని నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ద్రాక్షారామం దగ్గర ఒక రైతు చేపల చెరువు తవ్విస్తుంటే స్త్రీ విగ్రహం బయటపడింది. ఊరివాళ్లు పార్వతీదేవి అనుకుని, పసుపు రాసి, చీర కట్టి, కొన్ని నెలలు కొలిచాక మాకు అప్పగించారు. శుభ్రం చేసి చూస్తే తల పైభాగాన ధ్యానంలో కూర్చున్న చిన్న తీర్థంకరుడు కనిపించాడు. ఆవిడ పార్వతి కాదు, తీర్థంకరుడిని సేవించే జైనుల దేవత, యక్షిణి. అది కనిపెట్టింది నేనే. గర్వంగా పలక రాసి చూపిస్తే అన్నపూర్ణగారు "బాగా పట్టుకున్నావే!" అని మెచ్చుకుని, దగ్గరుండి పెట్టించారు.

వారం తిరక్కుండా ఆ రైతు తల్లి చిట్టెమ్మగారు బస్సెక్కి వచ్చారు.

"మా కోడలికి పురుడు కష్టమైతే ఈ తల్లికే మొక్కుకున్నానండి. తల్లీబిడ్డా దక్కారు. ఇప్పుడేమో ఈవిడ మా అమ్మవారు కాదంటున్నారంట. మరి నేనెవరికి మొక్కినట్టండి?"

నేను నోరు తెరిచేలోగా అన్నపూర్ణగారు ఆవిడ చెయ్యి పట్టుకుని విగ్రహం దగ్గరకు తీసుకెళ్లారు. "మీరు మొక్కింది మీ అమ్మవారికేనండి మామ్మగారూ" అని, ఆ చేతిని రాతి పాదాల మీద ఆనించారు. చిట్టెమ్మగారు అక్కడే కూలబడి ఏడ్చారు.

ఆవిడ వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "అబద్ధం చెప్పారు కదండీ?"

"పలక మీద ఉన్నది నిజం. ఆవిడతో చెప్పింది..." అని ఆగిపోయారు. "ఏమో, నాకూ తెలీడం లేదమ్మా."

ఆ సాయంత్రం తనే పలక ఊడదీశారు. మర్నాడు పొద్దున మళ్లీ పెట్టించారు. మధ్యాహ్నానికి మళ్లీ తీసేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చివరికి పెట్టించేశారు గానీ, రిటైరయ్యేదాకా ఆ గదిలోకి సందర్శకులను తీసుకెళ్లే పని నాకే వదిలేశారు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. నా కింద పనిచేసేవాళ్ల ముందు సిగ్గుపడకుండా "నాకు తెలీదు" అనగలుగుతున్నాను. అది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆ రోజు ఆవిడ చిట్టెమ్మగారికి మేలు చేశారా, మోసం చేశారా? ఒక్కో ఏడు ఒక్కోలా అనిపిస్తుంది. ఆవిడ అడ్డుపడకపోతే నేనేం చెప్పి ఉండేదాన్నో మాత్రం నాకు తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.