ప్రసన్నలక్ష్మి వదిలేసిన మూల

ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్‌లో ఉండే ప్రసన్నలక్ష్మి ఇంటికి వెళ్లినవాళ్లు సోఫాలో కూర్చోవడానికి జంకుతారు. అంత శుభ్రం. హాస్పిటల్లో పొద్దస్తమానం ఎక్స్‌రేలు తీసి ఒళ్లు హూనమై వచ్చినా సరే, పొయ్యిగట్టు తళతళలాడందే ఆవిడకి కాఫీ గొంతు దిగదు.

అలాంటి మనిషి, ఫ్లాట్ల వెనకున్న కుంటని చూసుకునే వాలంటీర్లలో చేరింది. ఇంకేముంది, చేరిన వారానికే ఎవరినీ అడక్కుండా నాచూ నీటిమొక్కలూ అన్నీ లాగేసి, సంచుల్లో కుక్కి, కౌన్సిల్ వాళ్ల చెత్తబండికి ఎత్తించింది. ఒడ్డున చెక్క ప్లాట్‌ఫాం కింది మూలకి మాత్రం చెయ్యి అందక అక్కడి నాచు మిగిలిపోయింది. భర్త ప్రదీప్ వచ్చి చూసి, ఆ మూల ఎవరికి వదిలేశావని ఆటపట్టిస్తే రెండు రోజులు ముభావంగా తిరిగింది.

వాలంటీర్లకి పెద్దదిక్కు మార్గరెట్ కుంటని చూసి మెల్లగా చెప్పింది: సూదితూనీగల పిల్లలు నీటిపురుగులుగా పెరిగేది ఆ మొక్కల్లోనే. తీసిన మొక్కల్ని ఒకటి రెండు రోజులు ఒడ్డున ఉంచితే ఆ పురుగులు మళ్లీ నీళ్లలోకి పాక్కుంటూ పోయేవి. ఆవిడ తిట్టినా బాగుండేది. ఎన్ని ప్రాణాల్ని మూటగట్టి పంపేశానోనని ప్రసన్నలక్ష్మికి ఆ పూట అన్నం సయించలేదు.

కుంటలో ఏ పురుగులు మిగిలాయో చూడ్డానికి ఏప్రిల్లో సర్వే పెట్టారు. వలతో నీళ్లు దేవి, తెల్ల ట్రేలో వేయగానే మూడు తోకల పురుగొకటి కదిలింది. ప్రసన్నలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. మార్గరెట్ తల అడ్డంగా ఊపింది. తోకలు వెంట్రుకల్లా ఉంటే అది మేఫ్లై అనే వేరే పురుగు పిల్లట. సూదితూనీగ పిల్లకి తోక చివర మూడు సన్నటి ఆకుల్లాంటివి ఉంటాయిట. ప్రసన్నలక్ష్మి మళ్లీ దేవింది. మళ్లీ వెంట్రుకలే.

ఇక మిగిలింది ఆ మూల. వల కర్ర పొడుగ్గా ఉండటంతో ఈసారి అందింది. ట్రేలో నీళ్లు తేరుకున్నాక, పుల్లలాంటి పురుగొకటి నడుం అటూ ఇటూ తిప్పుతూ ఈదింది. తోకకి ఆకులున్నాయి. కానీ రెండే.

"ఒకటి ఊడిపోయింది, మళ్లీ మొలుస్తుంది. సూదితూనీగే," అంది మార్గరెట్.

దాని వెనకే మూడాకులవి ఇంకొన్ని తేలాయి. ప్రసన్నలక్ష్మి కళ్లనీళ్లు తుడుచుకుని, ట్రేని తిరిగి ఆ మూలలోనే నెమ్మదిగా వంచింది.

ఇంటికొచ్చి, "మీరు వెక్కిరించిన ఆ మూలేనండీ నన్ను కాపాడింది," అంది ప్రదీప్‌తో. పొయ్యిగట్టు మీద పాలు పొంగిన మరక ఎండిపోయి ఉంది. ఆవిడ దాన్ని చూసింది. చూసి, ముందు కాఫీ తాగింది.