కాళ్లు చాపుకోండమ్మా

ఇందుమూలంగా మా పాలెం కాపురస్తులకూ, వాళ్ల కోళ్లకూ, మేకలకూ తెలియజేయడమేమనగా: చర్చి అరుగు మీది ముక్కాలిపీట నేటినుంచి ఖాళీ. ఏ కోడైనా ఎక్కి కూర్చోవచ్చును, అదిలించేవారు లేరు. చర్చి గోడవారన ఉన్న గోరింట చెట్టుని మేకలు ముట్టరాదన్న పాత ఉత్తర్వు మాత్రం అమల్లోనే ఉంటుంది. అయ్యగారి నల్లగొడుగు తెరవరాదన్న ఉత్తర్వూ అంతే. మీరినవాళ్లు మా మేనత్త నోట్లో పడతారు. ఆ పైన వాళ్ల ఖర్మ.

ఈ దండోరా ఎందుకంటే, ఆ పీట మీద కూర్చునే మనిషి పోయారు. మా పాలెం పాస్టరుగారు. మేం అయ్యగారనేవాళ్లం. జ్వరం ముదిరితే బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మొన్న గురువారం పొద్దున్నే కాలవ పడవవాడి చేత కబురొచ్చింది. 'ప్రభువునందు నిద్రించారు' అని చెప్పమన్నారట. ఆ మాట వాడికి నోరు తిరగలేదు. ఒడ్డున నిలబడి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. మాకు అర్థమైంది.

సంఘం పత్రికకి నాలుగు మాటలు నన్నే రాయమన్నది అమ్మగారు, అంటే అయ్యగారి భార్య. "నేను ఎనిమిదో తరగతి సగంలో బడి గోడ దూకినవాణ్ణి, చదువుకున్నవాళ్ల చేత రాయించండి" అన్నాను. "వాళ్లయితే ఆయన సుగుణాలు రాస్తారు నాయనా. నువ్వయితే ఆయన కాళ్లూ చేతులూ రాస్తావు" అన్నారావిడ. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి, ఏడుపొస్తే మీ ఇష్టం.

ఆయన గుడివాడ వైపు మనిషి. అవనిగడ్డ దాటి ఇంకా కిందికి, సముద్రపు గాలి ఉప్పగా తగిలే మా పాలేనికి పాస్టరుగా వేశారంటే, పైవాళ్లకి ఆయన మీద ఎందుకో కోపమని మేమనుకున్నాం. నాకప్పుడు పాతికేళ్లు దాటాయి. బుద్ధికి దాటలేదు. కొత్త అయ్యగారిని ఎలాగైనా పలకరించాలని, బతికున్న పీతనొకదాన్ని పట్టి ఆయన గొడుగు మడతల్లో పెట్టాను. వాన రావాలి, ఆయన గొడుగు తెరవాలి, పీత నెత్తిన పడాలి. అదీ నా పథకం.

వానొచ్చింది. అయ్యగారు గొడుగు చంకలో పెట్టుకుని, తడుస్తూనే చేలగట్టు మీద వెళ్లిపోయారు. మర్నాడూ వానే, ఆ మర్నాడూ అంతే. ఆదివారానికి పీత తన సంగతి తనే చెప్పుకుంది. ప్రసంగం సగంలో ఆపి, ముక్కు ఎగబీల్చి, గొడుగు తెచ్చి అందరి ముందూ దులిపారు.

"దీన్ని ఇందులో పెట్టినవాడు పాపాత్ముడు" అన్నారు. నేను ముందువాడి వీపు వెనక నక్కాను. "ఇంత కండపట్టిన పీతని ఇగురు పెట్టుకోకుండా పాడు చేస్తాడా!"

జనం నవ్వారు. నవ్వనిది ఎవరో ఆయన కనిపెట్టారు. అంతే, దొరికిపోయాను. "రేపట్నించి గుడిగంట నువ్వు కొట్టరా తుంటరీ. చేతులు ఖాళీగా ఉంటే మళ్లీ పీతల వెంట పడతావు" అన్నారు. ఇవాళ్టిదాకా ఆ గంట నేనే కొడుతున్నాను. మొన్న మాత్రం తాడు చేతికి అందలేదు, అదెప్పుడూ వేలాడే చోటే వేలాడుతున్నా.

గొడుగు ఎందుకు తెరవరని ఒకసారి అడిగేశాను.

"చేలో ఉండి గట్టు వైపు ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

"పుట్టిందే చేలోనండీ."

"అయితే చెప్పు. దూరంగా తెరిచిన గొడుగు కనపడితే ఆడకూలీలేం చేస్తారు?"

"ఆసామి వస్తున్నాడనుకుంటారు. నడుం ఎత్తినవాళ్లు గబుక్కున వంగుతారు. పాట ఆగిపోద్ది."

"మరి? నా ఒక్క తల తడవకుండా ఉండటానికి అంతమంది పాట ఆపించనా?"

నేను పుట్టి పెరిగిన చేను. ఆ గొడుగుల కింద వంగి బతికినదాన్ని అమ్మా అని పిలిచినవాణ్ణి. నాకెప్పుడూ ఇది తోచలేదు. గుడివాడ నించి వచ్చినాయన గట్టు మీద రెండు రోజులు నడిచి చూసుకున్నాడు.

ఆయన చూపు అలాంటిది. మా ఇళ్లకి వస్తే గోడల మీద పటాలు చూసేవారు కాదు. పొగ చూసేవారు. పనుల్లేని రోజుల్లో బియ్యం నిండుకున్న ఇంటి ఆడది, ఇరుగుపొరుగు ముందు తలవంపులని, ఉత్త పొయ్యిలో గడ్డి రాజేసి పొగ పుట్టిస్తుంది. వంటవుతోందని అందరూ అనుకోవాలి. ఆ పొగలో గంజి వాసన లేదని అయ్యగారి ముక్కు పట్టేసేది. ఏమీ అనేవారు కాదు. కాసేపటికి ఉత్తరీయంలో బియ్యం మూటకట్టుకుని వచ్చేవారు. "ఏవమ్మా, అమ్మగారు ఊళ్లో లేరు. ఇవి కాస్త వండిపెడతావా? ఆకలేస్తోంది" అనేవారు. పిడికెడు మెతుకులు తిని, చేయి కడుక్కుని, "ఎక్కువ పోశాను, మీరే కానివ్వండి" అని లేచేవారు. అమ్మగారు ఊళ్లోనే ఉండేవారు. కిటికీలోంచి చూసి, ఆ వేళకి కనపడకుండా లోపలికి తప్పుకునేవారు. ఒకసారి నేను ఎదురుపడితే, "ఊళ్లో లేనుగా, నన్ను చూడకు" అన్నారు.

ఇక కాళ్ల సంగతి. దానికోసమే ఇదంతా.

ఊడ్పులంటే పొద్దు పొడిచి పొద్దు వాలేదాకా బురదనీళ్లలో వంగి నారు నాటడం. ఆ రోజుల్లో మా ఆడవాళ్ల కాలివేళ్ల సందులు నాని, చెడి, రసి కారతాయి. దానికి మా మందు గోరింటాకు. మెత్తగా నూరి వేళ్ల సందుల్లో దట్టిస్తే పుండు ఆరుతుంది, పాదం ఎర్రబడుతుంది. అయ్యగారు వచ్చిన ఏడే చర్చి గోడవారన గోరింట కొమ్మ పాతారు. ఎవరి ఇంటిదో అడుక్కోనక్కర్లేకుండా.

ఒక ఆదివారం ప్రార్థనలో అందరం మోకరించాం. లేచేటప్పుడు మా మేనత్త స్తంభం పట్టుకుని, పళ్లు బిగించి లేచింది. ఆయన చూశారు. తర్వాతి ఆదివారం వేదిక దిగి వచ్చి, "ఊడ్పులు అయ్యేదాకా ఈ గుడిలో ఎవరూ మోకాళ్లూనక్కర్లేదు. కాళ్లు చాపుకోండమ్మా" అన్నారు.

ఎవరూ కదల్లేదు. మా మేనత్తే అడిగింది. "ఏ పక్కకండీ?"

"ముందుకే."

"ముందు మీరున్నారు. మీ ఎనకాల దేవుడున్నాడు. అటు కాళ్లెడితే ఏవవుద్దండీ?"

"ఏమీ అవదు. వారమంతా మీరు వంగింది ఆయన చూశాడు. ఒక్క పూట చాపుకుంటే చూడలేడా?"

అలా మొదలైంది. పెద్దల ముందు కాళ్లు చాపితే తప్పని పెరిగినవాళ్లం. గుడిలో, దేవుడి ఎదుట, ఎర్రటి పాదాలు వరసగా చాపుకుని కూర్చుని వాక్యం విన్నాం. ఊడ్పుల వేళ దివిసీమలో అంత సుఖంగా వాక్యం విన్నవాళ్లు ఇంకెవరూ ఉండరని నేను ప్రమాణం చేస్తాను.

మా సంఘంలో ఇస్త్రీ పంచె పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. కాలికి బురద అంటితే జబ్బు చేసేదాయనకి. ఆయన బందరులో ఉండే పెద్దయ్యగారికి చేరవేశాడు: ఇక్కడ ఆడవాళ్లు సోకుగా గోరింటాకు పెట్టుకుని, దేవుడికి కాళ్లు చూపిస్తున్నారు, దీనికి మీ పాస్టరే గురువు, అని. పాస్టర్లందరి మీదా అధికారి ఆ పెద్దయ్యగారు. వచ్చే ఆదివారం తానే వచ్చి చూస్తాననీ, నిజమైతే అయ్యగారిని అటు కృత్తివెన్ను అవతలికి మార్చేస్తాననీ కబురు పంపారు.

శనివారం ఆయన పడవ దిగి, తెరిచిన గొడుగు కింద గట్టు మీద నడిచొచ్చారు. చేలో పాట ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆడవాళ్లంతా అయ్యగారి అరుగు ముందు చేరారు. "రేపు ఎట్టా కూకోమంటారండీ?"

"మీ కాళ్లు మీవి. నా కోసం ఏమీ చెయ్యొద్దు" అన్నారాయన. మొహం మాత్రం వాడిపోయి ఉంది.

బయటికొచ్చాక మా మేనత్త తేల్చేసింది. "మోకాళ్లేద్దాం. ఒక్క పూటకి సచ్చిపోం. ఈయన్ని పోగొట్టుకుంటే మళ్లీ ఇలాంటోడు రాడు." ఎరుపు పోవాలని చింతపండు, బూడిద, ఇసక అన్నీ పెట్టి రుద్దారు. పోతుందా? ఇంకా తేరింది.

ఆదివారం చీరల కింద పాదాలు దాచుకుని అందరూ మోకరించారు. అయ్యగారు చూసి కళ్లు దించుకున్నారు. పెద్దయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ ప్రార్థన బందరులో బయల్దేరి, దేశాలన్నీ తిరిగి, రాజుల్నీ మంత్రుల్నీ దీవించి, ఎక్కడా మజిలీ చేయకుండా సాగింది. ఎట్టకేలకి "ఆమేన్, లేవండి" అన్నారు. మగవాళ్లం లేచాం. ఆడవాళ్ల వరసలు కదల్లేదు.

పెద్దయ్యగారు మురిసిపోయారు. "చూడండి ఈ తల్లుల భక్తి! ఆమేన్ అయినా లేవడం లేదు."

"భక్తి కాదండీ, మోకాళ్లు" అంది మా మేనత్త. "మీరు వంగమన్నారు, వంగాం. లేపేదెవరండీ?"

అయ్యగారు వేదిక దిగారు. తిన్నగా చివరి వరసకెళ్లి ఒక ముసలమ్మకి చెయ్యిచ్చారు. తర్వాత పక్కామెకి. అలా వరసలన్నీ. చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరూ లేస్తుంటే, చీర కింద నించి ఎర్రటి పాదాలు బయటపడుతున్నాయి. చాప మీద రక్తం చారలు.

"చూశారాండీ గోరింటాకు!" అన్నాడు ఇస్త్రీ పంచె.

"సోకు కాదండీ, మందు" అన్నారు అయ్యగారు, వెనక్కి తిరక్కుండానే. చివరామెని లేపాక నిటారుగా నిలబడి, పెద్దయ్యగారి ఎదుటే, ఎప్పుడూ అనే గొంతుతోనే అన్నారు. "కాళ్లు చాపుకోండమ్మా."

చాపారు. అప్పుడు పెద్దయ్యగారు ఆ పాదాలకేసి చాలాసేపు చూశారు. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పారు. వచ్చి ఆడవాళ్ల వరస చివర చాప మీద కూర్చుని, తన కాళ్లు కూడా చాపుకున్నారు. మేజోడు చిల్లులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది. మార్పు ఉత్తర్వు రాలేదు. అయ్యగారు పోయేదాకా మా దగ్గరే ఉన్నారు.

మొన్న ఆయన్ని పడవలో తెచ్చాం. గుడివాడ తీసుకెళ్తామని చుట్టాలడిగితే, "ఆయన కాళ్లకి అంటింది ఈ మట్టే" అన్నారు అమ్మగారు. ఊడ్పుల రోజులు, జోరున వాన. ఎవరో పాపం పెట్టె తడుస్తోందని ఆయన గొడుగే తెచ్చి తెరవబోయారు. "ముయ్యరా. బతికుండగా తెరిచాడా?" అంది మా మేనత్త. అందరం తడిశాం. అమ్మగారూ తడిశారు. చేలలో నించి తిన్నగా వచ్చిన ఆడవాళ్లు పాట ఆపకుండా ఆయన్ని మట్టిలో దించారు. ఏ పాస్టరుకి జరుగుతుందండీ ఆ మర్యాద? ఆయన మావాడని చెప్పుకోవడానికి నాకు ఛాతీ చాలడం లేదు.

ఒక్క మాట మిగిలింది. పెద్దయ్యగారు బూట్లు విప్పి కాళ్లు చాపుకున్నారని రాశానే, అది శుద్ధ అబద్ధం. మేజోడు చిల్లు సహా నా కల్పనే. ఆయన అరుగు మీద నిలబడి మజ్జిగ తాగి, మాట్లాడకుండా పడవెక్కారు. ఉత్తర్వు ఎందుకు రాలేదో ఇవాళ్టికీ మాకు తెలీదు. అయ్యగారు గెలిచారని చెప్పడానికి ఎవరో పెద్దమనిషి కాళ్లు కావాలనుకుని, పామర్రు నించి కోడూరు దాకా ఆ ముక్క కలిపి చెప్పాను. అది అయ్యగారి చెవిన పడింది. "పోనీలేరా, ఆయనకీ నడిచొచ్చి నొప్పులేమో. చాపనీ" అని నవ్వారు.

ఇప్పుడు ఊడ్పులు నడుస్తున్నాయి. పొద్దు వాలాక ఆడవాళ్లు ఆయన మట్టిదిబ్బ చుట్టూ చాపలేసుకుని, గోరింటాకు దట్టించుకుని, ఆయన వైపే కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. ఎండి రాలిన ఆకు ఆ తడిమట్టికి అంటుకుంటోంది. మా మేనత్త పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత చాప రోజూ ఖాళీగా ఉంటోంది.

"ఎవరికత్తా అది?" అన్నాను నిన్న.

"మీ పెద్దయ్యగారికిరా" అంది. "బూట్లిప్పుకుని వత్తాడుగా."