క్రాంజీలో ఎవరున్నారు?

కృష్ణప్రసాద్‌ది నరసరావుపేట. కంప్యూటర్లలో వైటూకే పనుల కోసం కంపెనీలు మనవాళ్లను విమానాల కొద్దీ దింపుకున్న తొంభైతొమ్మిదిలో సింగపూర్ వచ్చాడు. క్లెమెంటిలో ముగ్గురం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. వంట బాగా చేసేవాడు, మాట తక్కువ. పిచ్చి మాత్రం ఒకటుంది. మన సూర్యుడి లాంటి నక్షత్రాలు దగ్గర్లోనే ఉన్నాయనీ, వాటి చుట్టూ తిరిగే ఏ లోకం నుంచో ఎవరో ఒకరు వస్తారనీ వాడి నమ్మకం. దీపాలు తక్కువని ప్రతి శనివారం సాయంత్రం బైనాక్యులర్స్ పట్టుకుని ఊరి చివరనున్న క్రాంజీకి బస్సెక్కేవాడు. చాలాసార్లు మబ్బుల్ని చూసి వచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది.

నవంబరులో మహతి అనే అమ్మాయి సంబంధం వచ్చింది. ఫోటో చూసిన రోజు నుంచీ వీడు కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాడు. అమ్మాయి మేనమామ సుధాకరరావుగారు ఇక్కడే బ్యాంకులో పనిచేస్తారు. ఆదివారం పొద్దున వాకబుకు వస్తున్నానని ఫోన్ చేశారు. వేరే లోకం వాళ్ల సంగతి తెలిస్తే పిల్లనెవరిస్తారు? నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా. ప్రసాద్‌ను పెరుగు తెమ్మని కిందికి పంపి, బైనాక్యులర్స్‌ను బియ్యం డబ్బాలో కప్పెట్టాను.

ఆయన నేననుకున్నదానికంటే ముందే వచ్చి కూర్చున్నారు.

"శనివారాలు ఏం చేస్తాడు బాబూ?"

"ఇంట్లోనే అంకుల్. బట్టలుతుక్కుంటాడు."

"క్రాంజీ వైపు ఎప్పుడైనా?"

"క్రాంజీనా? అదెక్కడుందో కూడా వాడికి తెలీదంకుల్."

ఆయన ముఖం మాడిపోయింది. "మా ఆఫీసతను మూడు శనివారాలు వరసగా ఆ బస్సులో చూశాడు. మీరు దాస్తున్నారంటే ఏదో ఉన్నట్టేగా. అక్కడ ఎవర్నుంచాడు? మా అక్కకి నేనేం చెప్పాలి?" అంటూ లేచారు. సాయం చేయబోయి వాడి కొంప నేనే ముంచాను.

పెరుగు పట్టుకుని వచ్చిన ప్రసాద్ గుమ్మంలోనే అంతా విన్నాడు. "బైనాక్యులర్స్ ఏవిరా?" అన్నాడు. డబ్బా చూపించాను. బయటికి తీసి, గింజలు దులిపి, ఆయన చేతిలో పెట్టాడు.

"అక్కడెవరూ లేరండీ. చీకటుంటుందని వెళ్తాను. టౌ సెటై అని, సూర్యుడిలాంటి చుక్కొకటుంది. అక్కడ్నించి ఎవరైనా వస్తారేమోనని చూస్తుంటాను."

"ఎవరైనా అంటే?"

"మనుషులు కాదండీ. వేరే లోకం వాళ్లు."

"ఆడవాళ్లెవరూ లేరుగా?"

"అయ్యో, లేరండీ!"

"హమ్మయ్య! ఇంతేనా!" అని సుధాకరరావుగారు మళ్లీ కూలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది.

"వాళ్లొస్తే మా పిల్లనొదిలేసి వాళ్లతో పోవుగా?" అన్నారు.

ఆయన వేళాకోళమాడుతున్నారని వీడికి తట్టలేదు. కాసేపు ఆలోచించి, "అక్కడ్నించి వెలుగు రావడానికే పన్నెండేళ్లండీ. ఇవాళ బయల్దేరినా అంతకంటే ముందు రాలేరు" అన్నాడు.

"పన్నెండేళ్లా! అప్పటికి మీ పిల్లలు బడికెళ్తుంటారు. రానీ బాబూ, మహతి చేత వాళ్లకీ ఇంత అన్నం పెట్టిద్దాం."