ఎడమ తొడ

మా పాపకు పది వారాల సూది వేయించాల్సిన రోజున నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. పుంగనూరు ఇంట్లో మంచం దిగలేకపోయాను. మా ఆయన మదనపల్లె టమాటా మార్కెట్‌లో పనికి సెలవు పెట్టి, బిడ్డను తువ్వాల్లో చుట్టుకుని తనే బయలుదేరాడు. ఎంత పొంగిపోయానో! మా ఇళ్లలో ఏ మగవాడూ బిడ్డనెత్తుకుని సూదికి పోగా నేను చూడలేదు.

గంటన్నరకు తిరిగొచ్చాడు. "ఏసినారు. బంగారు తల్లి, ఏడవను కూడా లేదు" అంటూ బిడ్డ భుజం కింద అంటించిన గుండ్రటి ప్లాస్టర్ చూపించాడు.

నేను ప్లాస్టర్ చూశాను, ఆయన ముఖం చూశాను.

కాన్పుకు కుప్పంలో మా అమ్మ దగ్గరున్నాను కాబట్టి ఆరు వారాల సూదులు అక్కడే వేయించాం. అప్పుడే నర్సమ్మ చెప్పింది: "వచ్చే తూరి ఒకటే సూది అమ్మా, ఎడం తొడకే. ఈ మందుకు ఇంత చేతిలో కండ యాడుండాది? ఇట్లాంటిది చేతికేసేది పెద్దోళ్లకు." కాన్పయిన కూతురు పుట్టింట్లో ఉంటే అల్లుడు ఆదివారం చుట్టపుచూపుగా వచ్చి పోతాడు. నర్సమ్మ మాట ఆయన చెవిన పడలేదు. ఆయనెరిగిన టీకా ఒక్కటే, తన చేతికి పడిన కరోనా టీకా. బిడ్డకూ సరిగ్గా అక్కడే అంటించుకొచ్చాడు.

"నిజంగా ఏసినారా?"

"ఏసినారని సెప్తాండా కదా!"

"బిడ్డ తలమీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాడు! ప్లాస్టర్ పీకేశాను. కింద చర్మం నున్నగా ఉంది. రెండు తొడలూ తిప్పి చూశాను. దోమ కుట్టిన గుర్తు కూడా లేదు.

ఆయన తల దించుకున్నాడు. "మీయమ్మే వద్దనింది. పోయిన తూరి జొరంతో బిడ్డ అల్లాడిపోయిందంట. నీకు సెప్పొద్దని ఫోన్ సేసింది."

మా అమ్మ! కుప్పంలో సూది వేసేటప్పుడు పాప కాళ్లు కదలకుండా పట్టుకున్నది ఆవిడే. ఎక్కడ వేస్తారో ఆవిడకు బాగా తెలుసు. అల్లుడికి ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను నమ్మేసేదాన్ని. నా బిడ్డ సూది లేకుండానే ఉండిపోయేది. ఫోన్ చేస్తే "నీ మంచికే అమ్మా" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

జ్వరం తగ్గీ తగ్గకముందే ఆటో ఎక్కి నేనే తీసుకెళ్లాను. ఎడమ తొడలో సూది దిగగానే పాప కెవ్వుమంది. దానికన్నా నేనే ఎక్కువ ఏడ్చాను.

మొన్న ఐదేళ్ల టీకాకు పాపను ఆయనే తీసుకెళ్లాడు. ఈసారి చేతికే వేస్తారని నాకు తెలుసు. "అమ్మా, నాకూ పెద్దోళ్ల మాదిరి చేతికేసినారు!" అంటూ పాప గౌను చెయ్యి పైకెత్తి చూపించింది. చిన్న ఎర్రచుక్క ఉంది. వేలితో నొక్కాను. "అబ్బా!" అంది పాప. అప్పుడు నమ్మాను. ఆయన గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.