తేలిక గడియారం

అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌లో నేను డేటాబేస్ పాఠాలు చెబుతాను. పొద్దున్నే మొదలుపెడితే చీకటి పడేదాకా బ్యాచ్ మీద బ్యాచ్. క్లాసులో ఫోన్ తీయకూడదన్న నియమం నేర్చుకునేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకీ ఉంది. అందుకని చేతికి గడియారం తప్పనిసరి. నాది పెద్ద డయలున్న స్టీల్ గడియారం. కళ్లజోడు లేకపోయినా టైం కనిపిస్తుందని కొనుక్కున్నాను.

కిందటి వానాకాలం మెట్రో మెట్ల మీద జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక చూస్తే చెయ్యి నాదేనా అన్నంత సన్నబడింది. గడియారం కిందికి జారి, సరిగ్గా ఎముక అతికిన చోటే వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం బ్యాచ్‌కల్లా భుజం దాకా లాగేది. తీసి బల్ల మీద పెడితే అక్కడే మరిచిపోయేదాన్ని. దానికోసం మళ్లీ మెట్లెక్కాలంటే ప్రాణం మీదికొచ్చేది.

ఒక ఆదివారం మా ఆయన, "నడువ్, పంజాగుట్టకు పోదాం. తేలికగ ఉండే వాచీలు వచ్చినయంట," అన్నారు. ఆయనది సిద్దిపేట వైపు, మాది తెనాలి. ఇన్నేళ్లయినా ఎవరి మాట వాళ్లదే.

"ఇప్పుడెందుకండీ, ఉన్నది బాగానే ఉందిగా," అన్నాను. నిజానికి నాకు బయటికి కదిలే ఓపిక లేదు.

"వాచీ మంచిగనే ఉన్నది. నీ చెయ్యే మంచిగ లేదు."

దుకాణదారు, "జర చేతులు చాపండి మేడం," అని ఒక అరచేతిలో స్టీలుది, రెండో దాంట్లో టైటానియంది పెట్టాడు. రెండూ ఒకటే సైజు. రెండోది చేతిలో ఉన్నట్టే లేదు.

"ప్లాస్టిక్కేమోనండీ," అన్నాను.

"అందరు గట్లనే అంటరు. గట్టి లోహమే మేడం. స్టీలు బరువుల సగం కన్న జర ఎక్కువుంటది, అంతే. గీతలు మాత్రం జల్ది పడ్తయ్, ముందే చెప్తున్న."

మెరుపు లేని బూడిద రంగు. స్టీల్లా చల్లగా తగల్లేదు. పెట్టుకుని, బోర్డు తుడుస్తున్నట్టు చెయ్యి పైకెత్తి ఆడించాను. లాగలేదు. ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన అటు తిరిగి గోడగడియారాలు చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు కొత్త గడియారంతో చెయ్యి లాగకుండా ఊరుకుంది. అది ఊరుకున్నాకే మిగతావన్నీ తెలిసొచ్చాయి. మడమలు, నడుము, బొంగురుపోయిన గొంతు. ఇన్నాళ్లూ అలసటంతా ఆ గడియారం వల్లే అనుకున్నాను. సాయంత్రం క్లాసులో పాఠం మధ్యలో ఆగి, ఏం చెబుతున్నానో మరిచిపోయాను. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న ఒకావిడ, నా వయసే ఉంటుంది, "జర కూసోండి మేడం, మాకేం తొందర లేదు," అంది. కూర్చున్నాను. క్లాసులో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ వారమే సాయంత్రం బ్యాచ్ వదిలేస్తానని సెంటర్‌లో చెప్పాను. వాళ్లు పెద్దగా బతిమాలలేదు. అందుకు కొంచెం బాధేసింది కూడా.

ఇప్పుడు ఎండ ఉండగానే ఇల్లు చేరుతున్నాను. చెప్పులు విడిచి గోడకానుకుని కూర్చుంటాను. "చాయ్ పెట్టాల్నా?" అని వంటింట్లోంచి అడుగుతారాయన. "పెట్టండి," అని కాళ్లు చాపుకుంటాను.